మాట్లాడగలిగినంత వేగం

మొదటి మెట్టు మీద ఇంకా కాలు పెట్టనేలేదు, గుండె మాత్రం అప్పుడే ఎక్కడం మొదలుపెట్టేసింది. చొక్కా జేబు వెనకాల ఎవరో పిడికిలితో తలుపు బాదుతున్నట్టు ఒకటే దడ. అతను పనిముట్ల సంచీని కుడిభుజం మీంచి ఎడమభుజానికి మార్చుకుని, ఎడమవైపు బరువు మంచిది కాదేమోనని మళ్ళీ కుడిభుజానికే మార్చుకుని, మెట్ల మొదట్లో నిలబడి పైకి చూశాడు. కరెంటు పోయి ముప్పావు గంటయింది. మధ్యాహ్నం మూడు గంటలే అయినా మెట్లదారి చీకటిగా ఉంది. ప్రతి మలుపులోనూ ఒక చిన్న కిటికీ, అందులోంచి బూడిదరంగు వెలుతురు, పైకి పోయేకొద్దీ అదీ సన్నబడిపోతోంది. పన్నెండు అంతస్తులు, ఆ పైన డాబా, డాబా మీద లిఫ్టు మిషను గది. అంతస్తుకి పద్దెనిమిది మెట్లు. పదమూడు పద్దెనిమిదులు రెండు వందల ముప్పై నాలుగు. లెక్క వేయకూడదనుకుంటూనే వేసేశాడు.

"ఆవిడ పదకొండో అంతస్తావిడండీ, ఒక్కరే ఉంటారు," అన్నాడు వాచ్‌మన్. "తొమ్మిదికీ పదికీ మధ్య ఆగిపోయింది. చెప్పు తీసి తలుపు మీద కొడుతున్నారు. ఇందాకటిదాకా గట్టిగానే కొట్టారు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఆగి ఆగి కొడుతున్నారండీ."

ఆగి ఆగి. ఇరవై రెండేళ్ళుగా లిఫ్టు మెకానిక్‌గా పనిచేస్తున్నాడు, ఇరుక్కుపోయినవాళ్ళని ఎంతమందిని బయటికి తీశాడో గుర్తే లేదు; అరిచేవాళ్ళని చూసి ఏనాడూ కంగారుపడలేదు, అరవడం మానేసినవాళ్ళంటేనే కంగారు. కరెంటు లేనప్పుడు లిఫ్టుని కదపాలంటే దారి ఒక్కటే, డాబా మీది గదిలోకి వెళ్ళి మిషను బ్రేకు వదులు చేసి చేత్తో చక్రం తిప్పాలి. ఆ పని తనతో జంటగా వచ్చే జోడీ మెకానిక్‌ది. ఎనిమిది నెలలుగా అదే ఏర్పాటు, పైకి జోడీ, కింద తను. మోకాలు నొప్పి అని ఒకసారి, కింద వైర్లు చూడాలని ఇంకోసారి చెప్పాడు, ఆ తర్వాత సాకు చెప్పాల్సిన పనే లేకుండా పోయింది. జోడీ ఏమీ అడక్కుండా సంచీ భుజాన వేసుకుని మెట్లవైపు నడిచేవాడు, ఆ అడక్కపోవడమే ఎక్కువ గుచ్చుకునేది. ఇవాళ జోడీ ఊరికి ఆ చివర వేరే భవనంలో ఉన్నాడు, ఎంత తొందరగా వచ్చినా రెండు గంటలు. కావాలంటే ఆగొచ్చు, ఎవరూ తప్పుపట్టరు, ఒంటరిగా చక్రం తిప్పకూడదని కంపెనీ కాగితాల్లో రాసి కూడా ఉంది. పైన ఎక్కడో టక్‌మంది. చాలాసేపటికి ఇంకోసారి టక్‌మంది. ఈ రెండోదానికీ మూడోదానికీ మధ్య ఎంతసేపు పడుతుందోనని వింటూ నిలబడితే ఎంతకీ వినిపించలేదు, అతనికే తెలియకుండా కాలు మెట్టు మీద పడింది.

మాట్లాడగలిగినంత వేగంతోనే ఎక్కండి, అంతకంటే పిసరంత కూడా ఎక్కువ వద్దు, అని చెప్పింది ఫిజియోథెరపిస్టు అమ్మాయి, గోడకి వేలాడే ప్లాస్టిక్ వెన్నెముక పక్కన నిలబడి. పదకొండు వారాలయింది ఆ మాట చెప్పి. ఏం మాట్లాడాలి అని అడిగాడు. ఏదైనా సరే, మీకు నోటికొచ్చింది, అంది. అతనికి నోటికొచ్చినవి లిఫ్టు విడిభాగాల పేర్లు ఒక్కటే. క్లినిక్ మెట్ల మీద బ్రేకు, తాడు, కప్పీ, పట్టా, స్ప్రింగు అని ఎక్కాలు అప్పజెప్పినట్టు వల్లిస్తూ ఎక్కితే, ఎదురొచ్చిన ముసలాయన గోడకి అతుక్కుపోయి దారిచ్చాడు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. మీ మాట పద్నాలుగో మెట్టు దగ్గర తెగింది, అని కాగితం మీద రాసుకుంది. పద్నాలుగు మెట్లు! ఒకప్పుడు సంచీతో పాటు ఉక్కుతాడు చుట్ట కూడా మోసుకుంటూ ఇరవై అంతస్తులు ఎక్కి, పైన నిలబడి సిగరెట్టు కాల్చిన మనిషి, సిగ్గుపడ్డాడు. రోజూ ఒక్క అంతస్తు ఎక్కి దిగండి, అంది ఆ అమ్మాయి. అంతేనా అన్నాడు. అంతే, రెండోది ఎక్కాలనిపించినా ఎక్కొద్దు, హుషారుగా ఉన్న రోజు చేసేది లెక్కలోకి రాదండీ, మనసు అస్సలు బాగోలేని రోజు ఎంత చేయగలరో అంతే మీది. అప్పుడది అతనికి ఓదార్పు మాటలా వినిపించింది, చిన్నపిల్లాడి చేతిలో చాక్లెట్ పెట్టి పంపినట్టు.

బ్రేకు, తాడు, కప్పీ. మొదటి అంతస్తు. ఎవరింటి ముందో మూడు జతల చెప్పులు, ఒక గొడుగు. పట్టా, స్ప్రింగు. పెదాలు కదులుతున్నాయి, గొంతు మాత్రం తడారిపోయి గరగరలాడుతోంది. ఇంటి దగ్గరైతే ఇదంతా పళ్ళు తోముకోగానే, మొహం కూడా తుడుచుకోకుండా, భుజాన తువ్వాలుతో జరిగిపోతుంది. పళ్ళు తోముకుని మెట్లెక్కడమేంటి, అని భార్య అడిగితే, పళ్ళు తోముకోవడం ఎప్పుడైనా మర్చిపోయానా, దీన్ని దానికి ముడేశాను, అన్నాడు. మొదటి మూడు వారాలు ఆమె కింద గుమ్మంలో నిలబడి అతని అడుగుల చప్పుడు వినేది. చప్పుడు ఆగితే పరిగెత్తడానికి సిద్ధంగా చీరకుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని ఉండేదని ఒకసారి పైనుంచి తొంగిచూసినప్పుడు కనబడింది. అది చూశాక అతని భయం రెండింతలయింది, తనది తనకి, ఆమెది కూడా తనకే. ఒక అంతస్తు మూడు వారాలు, రెండు అంతస్తులు నాలుగు వారాలు, ఇప్పుడు మూడు. వాన పడ్డ రోజూ ఎక్కాడు, జలుబు చేసిన రోజూ ఎక్కాడు, ఎందుకు ఎక్కుతున్నానురా దేవుడా అనుకున్న రోజూ ఎక్కాడు. ఎంత చిన్న పని అంటే ఎగ్గొట్టడానికి సాకు కూడా దొరకదు. పదకొండు వారాల్లో పట్టుమని మూడు అంతస్తులు, ఎవరికైనా చెప్తే నవ్వుతారని జోడీకి కూడా చెప్పలేదు.

మూడో అంతస్తు రాగానే కాళ్ళు వాటంతటవే వెనక్కి తిరగబోయాయి, రోజూ ఇక్కడే కదా తిరగడం. ఇక్కడివరకూ దారి తెలుసు, ఏ మెట్టు దగ్గర ఊపిరి బరువెక్కుతుందో, ఏ మెట్టు దగ్గర తొడలు మండుతాయో తెలుసు, ఇక్కణ్ణించి పైన ఏముందో తెలియదు. మలుపులో నిలబడ్డాడు. లిఫ్టు గోడకి ప్రతి మలుపులోనూ చేతివెడల్పు గాలి సందు ఒకటి ఉంది, అందులోంచి చల్లటి గ్రీజు వాసన వస్తోంది. పదమూడుని చూస్తే భయమేస్తోంది, పదమూడుని చూడకూడదు. మూడేసి అంతస్తుల చొప్పున నాలుగుసార్లు, ఆపైన ఒకటి. మూడైతే వచ్చు, ఇవాళ పొద్దున కూడా మూడు ఎక్కాడు. మధ్యలో ఊపిరి మామూలయ్యేదాకా నిలబడి మళ్ళీ మూడు. కింద గుమ్మంలో నిలబడే మనిషి లేదు ఇక్కడ, అదొక్కటే తేడా, ఇక్కడ చప్పుడు ఆగితే పరిగెత్తుకొచ్చేవాళ్ళు లేరు. వాచ్‌మన్‌కి మోకాళ్ళ వాపు. అంటే తను కూలబడితే ఈ మెట్ల మీద ఇద్దరు ఆగిపోయినట్టవుతుంది, గోడకి ఇటొకరు, అటొకరు. ఛీ, అనుకున్నాడు. నాలుగో అంతస్తు.

అన్నయ్య అయితే ఈపాటికి పైకి చేరిపోయి ఉండేవాడు. రెండేసి మెట్లు చొప్పున దూకుతూ, వెనక్కి తిరిగి, రారా ముసలోడా, అని అరుస్తూ. ఆ గొంతు ఇప్పుడు కూడా మెట్ల మలుపులోంచే వచ్చినట్టు ఒళ్ళు జల్లుమంది. అన్నయ్య బ్యాంకులో క్యాషియరు, పొద్దస్తమానం గాజు అద్దం వెనక కుర్చీలో కూర్చుని నోట్లు చూసే ఉద్యోగం. యాభై నిండిన రోజు కొవ్వొత్తి ఊదబోతే ఊపిరి చాలక దగ్గొచ్చింది. అందరూ నవ్వారు, అందరికంటే గట్టిగా తనే నవ్వాడు. మర్నాడు అన్నయ్య వంద రోజుల పట్టిక ఒకటి తయారుచేసి ఫ్రిజ్ మీద అంటించాడు. రోజూ పరుగు, నిన్నటికంటే ఇవాళ ఎక్కువ, ఇవాళ్టికంటే రేపు ఎక్కువ. కొత్త బూట్లు, ఛాతీ మీద ఆగకు అని పెద్ద అక్షరాలున్న ఎర్ర చొక్కా, పొద్దున్నే వినడానికి ఎవరివో గంభీరమైన ఉపన్యాసాలు. వదిన ఫోన్ చేసి, మీ అన్నయ్యకి పూనకం వచ్చింది చూడు, అంది మురిపెంగా. ఆ ఇంట్లో అన్నయ్య ఆరంభశూరత్వం అందరికీ తెలిసిందే. మూలన పడ్డ వేణువు, సగంలో ఆగిన కరస్పాండెన్స్ కోర్సు, దుమ్ముపట్టిన తోటపని సామాను, ఇదీ మూణ్ణాళ్ళ ముచ్చటే అనుకున్నారు. ఈసారి వదలకూడదని అన్నయ్య పంతం పట్టాడు. ఏదైతే మధ్యలో వదిలేస్తే బాగుండేదో, సరిగ్గా దాన్నే వదల్లేదు.

ఇరవై రెండో రోజు ఫోన్ చేశాడు. ఐదో అంతస్తు కిటికీలోంచి ఎదుటి భవనం గోడ మీద ఎండ కనిపిస్తోంది, ఆ రోజూ ఇలాంటి ఎండే. అప్పుడు తను ఒక ఆసుపత్రి భవనంలో లిఫ్టు తలుపు సరిచేస్తున్నాడు, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని. అన్నయ్య పట్టిక గురించి, కాలి బొబ్బల గురించి, తగ్గిన నాలుగు కిలోల గురించి చెప్పి, చివర్లో ఏదో పనికిమాలిన సంగతి చెప్పినట్టు, పరిగెడుతుంటే ఎడమ దవడ లాగుతోందిరా, పన్నేమో, అన్నాడు. తను నవ్వాడు. నువ్వు మరీ పళ్ళు బిగించి పరిగెడుతున్నావు, పళ్ళ డాక్టరు దగ్గరికి పో, అన్నాడు. అన్నయ్య కూడా నవ్వాడు. ఇరవై మూడో రోజు పరుగుబాట పక్కన గడ్డిలో పడి ఉన్న అన్నయ్యని ఎవరో చూశారు, ఆగకు అన్న అక్షరాలు చెమటకి నల్లబడి ఉన్నాయి. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు వదినని అడిగాడు, ముందెప్పుడైనా ఛాతీలో నొప్పి అన్నారా, చెయ్యి లాగుతోందన్నారా, దవడ? వదిన లేదండి, లేదండి, నాకేం చెప్పలేదండి, అంటూ ఉంది. తను వదిన వెనకే, రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. గోడకి అతికించిన చేతులు కడుక్కునే విధానం బొమ్మని మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

ఆరు. నిలబడ్డాడు. గోడకి వీపు ఆనించి, బ్రేకు, తాడు, అని అనబోతే తాడు దగ్గర తెగింది. ఆగాడు. మళ్ళీ అన్నాడు. ఈసారి స్ప్రింగు దాకా వచ్చింది. లిఫ్టు గోడలోంచి టక్ అని వినబడింది, ఇప్పుడు దగ్గరగా, బరువుగా. గాలి సందు దగ్గర నోరు పెట్టి, "అమ్మా, లిఫ్టు మెకానిక్‌నమ్మా, వచ్చేస్తున్నాను," అన్నాడు. ఏదో గుసగుసలాంటిది వినిపించింది, మాట అర్థం కాలేదు. గుసగుస. గట్టిగా మాట్లాడే ఓపిక కూడా లేదన్నమాట. గబుక్కున రెండు మెట్లు ఒక్క అంగలో ఎక్కేశాడు, ఎక్కగానే ఛాతీలో ఏదో దొర్లినట్టయి కమ్మీ పట్టుకుని బిగుసుకుపోయాడు. వద్దు, అలా వద్దు, ఒక్కో మెట్టే.

అన్నయ్య పోయాక ఒళ్ళంతా శత్రువుల దేశం అయిపోయింది. తేన్పు వస్తే గుండె, భుజం పట్టేస్తే గుండె, నిద్రలో చెయ్యి మొద్దుబారితే గుండె. బల్ల కింద ఎవరికీ కనబడకుండా మణికట్టు మీద వేలు పెట్టుకుని కూర్చునేవాడు, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే లోపల అరవై ఎనిమిది, అరవై తొమ్మిది అని లెక్క సాగుతూ ఉండేది. అన్నయ్యని పరుగు చంపిందనుకున్నాడు కాబట్టి కదలడం మానేశాడు, కదలడం మానేసిన కొద్దీ కాస్త కదిలినా ఆయాసం వచ్చేది, ఆయాసం రాగానే ఇదిగో వచ్చింది అనుకునేవాడు. చివరికి భార్య రెక్క పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. వైర్లు తగిలించారు, బెల్టు మీద నడిపించారు, తెరమీద గుండెని చూపించారు, అది ఒక పిడికెడు బూడిదరంగు జంతువులా ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంది. మీ గుండె నిక్షేపంలా ఉంది, అన్నాడు డాక్టరు. భయపడి భయపడి కాళ్ళకీ ఊపిరికీ తుప్పు పట్టించుకున్నారు, అది వదిలించుకోండి, అని ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపాడు. ఆ కాగితం ఇప్పుడు కూడా పర్సులో ఉంది, నాలుగు మడతలుగా. కానీ కాగితం ఇచ్చి మూడు నెలలు కావస్తోంది, మూడు నెలల్లో ఏమైనా జరగొచ్చు, అన్నయ్యకి ఇరవై మూడు రోజులే పట్టింది. ఏడు. ఎనిమిది. ఎవరింట్లోనో ప్రెషర్ కుక్కర్ కూత వేసింది, ఇంకెవరో ఫోనులో, నీకేం, నువ్వు బాగానే ఉంటావు, అని దెప్పుతున్నారు. గోడల వెనక లోకం మామూలుగా నడిచిపోతోంది. చెమట కనుబొమ్మల్లోంచి కంట్లోకి కారి మంట పుట్టింది. చల్లటి చెమటా, మామూలు చెమటా? చేత్తో తుడిచి చూసుకున్నాడు. చెమట చెమటలాగే ఉంది.

తొమ్మిది దాటి మలుపు తిరిగేసరికి లిఫ్టు పెట్టె అడుగుభాగం గాలి సందులోంచి నల్లగా కనిపించింది. సందుకి మొహం ఆనించాడు. "అమ్మా, వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది బాబూ," అంది లోపలినుంచి ఒక గుసగుస.

"గట్టిగా మాట్లాడండమ్మా. కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదు. ఇంతకంటే గట్టిగా నాకు రాదు. ముప్పై నాలుగేళ్ళు లైబ్రరీలో పనిచేశాను. ష్ అనడం వచ్చుగానీ అరవడం ఎప్పుడూ అలవాటు చేసుకోలేదు. చెయ్యి నొప్పెడుతోంది చెప్పుతో కొట్టీ కొట్టీ. గాలి అయిపోతుందా?"

"అయిపోదమ్మా. పైన, పక్కన సందులున్నాయి. నేను మాట్లాడే గాలే మీరూ పీలుస్తున్నారు." అన్నాక, ఆ మాటలోని చనువుకి తనే బెదిరాడు. "పైకెళ్ళి చక్రం తిప్పాలి. అప్పుడు లిఫ్టు నెమ్మదిగా కదులుతుంది. భయపడొద్దు."

"వెళ్ళిపోతున్నారా?"

ఆ రెండు మాటల్లో ఉన్న భయం అతనికి బాగా తెలిసిన భయం. చీకటి పెట్టెలో ఒంటరిగా తన ఊపిరి తనే వింటూ కూర్చున్న మనిషి అడిగే మాట అది. "మాట్లాడుతూనే ఎక్కుతానమ్మా. ప్రతి మలుపులోనూ సందుంది. మీకు వినిపిస్తూనే ఉంటాను," అన్నాడు. ఏం మాట్లాడాలో తెలియక ఈ భవనం లిఫ్టు ఎప్పుడు బిగించారో, తాళ్ళు ఎన్నో, ఒక్కో తాడు ఎంత బరువు ఆపుతుందో చెప్పుకుంటూ పోయాడు. ఆవిడ మధ్యమధ్య ఊఁ అంటోంది, లైబ్రరీ బల్ల వెనక కూర్చుని ఫిర్యాదు వింటున్నట్టు. పది. పదికీ పదకొండుకీ మధ్య మలుపు. అక్కడ, సరిగ్గా అక్కడ, ఎడమ దవడ లాగింది.

తాళ్ళు ఐదు అనబోయి నోరు తెరిచినవాడు అలాగే ఉండిపోయాడు. చెవి కిందనుంచి గడ్డం దాకా సన్నగా, తీగని మెలిపెట్టినట్టు. సంచీ జారి మెట్టు మీద పడింది, లోపల స్పానర్లు గల్లుమన్నాయి. మెట్టు మీద కూలబడ్డాడు. వచ్చేసింది. ఇన్నాళ్ళూ బల్ల కింద వేలు పెట్టి వెతికింది ఇదే, ఇక వెతకక్కర్లేదు, అదే వచ్చేసింది. చేతులు చల్లబడ్డాయి, చెవుల్లో హోరు. భార్యకి ఎవరు ఫోన్ చేస్తారు, వాచ్‌మన్ దగ్గర నంబరు కూడా లేదు, జోడీ చేస్తాడు, జోడీ గొంతు వినగానే ఆమెకి తెలిసిపోతుంది. పొద్దున ఎండలో వేసిన చొక్కా ఇంకా తీసి ఉండదు. డాక్టరు ఎదురుగా నిలబడి ఆమె కూడా లేదండి, నాకేం చెప్పలేదండి, అంటుంది. ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. గోడలోంచి టక్ అంది.

"బాబూ? ఏమయింది? మాట ఆగిపోయింది."

జవాబు చెప్పాలంటే నోరు తెరవాలి, నోరు తెరవాలంటే పళ్ళు విడదీయాలి, అప్పుడు తెలిసింది పై పళ్ళూ కింది పళ్ళూ ఎంత గట్టిగా కరుచుకుని ఉన్నాయో. ఎప్పట్నుంచి బిగించాడో, తొమ్మిదో అంతస్తు నుంచా, కింద మొదటి మెట్టు నుంచా, లేకపోతే ఎనిమిది నెలల నుంచా. వదిలాడు. దవడ కటుక్కుమంది. నొప్పి కొంచెం కొంచెంగా, వెళ్ళడం ఇష్టంలేని చుట్టంలా వెళ్ళింది. వెళ్ళిందా, దాక్కుందా? మణికట్టు మీద వేలు పెట్టబోయి ఆపుకున్నాడు. గుండె గబగబా కొట్టుకుంటోంది, కానీ పది అంతస్తులెక్కిన గుండె మరెలా కొట్టుకుంటుంది? నవ్వుకీ ఏడుపుకీ మధ్యలో ఏదో గొంతులోకి వచ్చింది, అది మాటయి సందులోకి దొర్లింది.

"మా అన్నయ్యకి దవడ నొప్పి వచ్చిందమ్మా. పరిగెడుతుంటే. నాకు చెప్పాడు. నేను పళ్ళ డాక్టరు దగ్గరికి పొమ్మని నవ్వాను. మర్నాడు పోయాడు. గుండె." ఇంత చిన్న సంగతా ఇది, ఇన్ని నెలలు మోసింది ఈ కాసిని మాటలేనా, అని ఆశ్చర్యం వేసింది. "మా వదినకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు."

సందులోంచి గుసగుస. "ఎవరైనా పన్నే అనుకుంటారు బాబూ. నేనైనా అదే అనేదాన్ని. మీ అన్నయ్య ఎలా ఉండేవారు?"

లేచాడు. సంచీ తీసుకున్నాడు. కాళ్ళు వణుకుతున్నాయి, వణకనిచ్చాడు. అన్నయ్య ఎలా ఉండేవాడో చెప్తూ ఎక్కాడు. చెవులు పెద్దవని చెప్పాడు, క్యారమ్స్‌లో మోసం చేసేవాడని చెప్పాడు, చిన్నప్పుడు తను బావి గట్టు ఎక్కితే వీపు మీద కొట్టి, మళ్ళీ తనే ఏడ్చాడని చెప్పాడు. మాట తెగినచోట నిలబడ్డాడు, ఊపిరి వచ్చాక తెగినచోటునుంచే అందుకున్నాడు. పదకొండు. పన్నెండు. డాబా తలుపు తోస్తే వెలుతురు మొహమ్మీద చరిచింది.

మిషను గది వేడిగా, నూనె వాసనతో ఉంది. ఇక్కడ చేతులకి ఏం చేయాలో తెలుసు, భయాన్ని అడగవు. మెయిన్ స్విచ్ కిందికి లాగాడు, కరెంటు హఠాత్తుగా వచ్చినా మిషను తిరగకుండా. నేలలోని తాళ్ళ కన్నంలోంచి కిందికి, "అమ్మా, ఇప్పుడు కదులుతుంది, కమ్మీ పట్టుకోండి," అని కేకేశాడు. ఎడమచేత్తో బ్రేకు కడ్డీ నొక్కి పట్టుకుని కుడిచేత్తో చక్రం తిప్పాడు. పెట్టె కంటే తాళ్ళకి అటు చివర వేలాడే ఎదురుబరువు ఎక్కువ కాబట్టి ఒక్క మనిషితో ఉన్న లిఫ్టు పైకే పోవాలని చూస్తుంది, దాన్ని పోనివ్వకుండా, ఆపకుండా, అరచెయ్యంత అరచెయ్యంత వదలాలి. కాస్త తిప్పి బ్రేకు, కాస్త తిప్పి బ్రేకు. తాడు మీది పసుపు గుర్తు పదో అంతస్తు గీతకి వచ్చి నిలిచింది. బ్రేకు కడ్డీ వదిలి చేతులు తీశాడు. తెలియకుండానే నేలమీద కూర్చుండిపోయాడు.

అప్పుడు వచ్చింది హుషారు. కాళ్ళలోంచి, కడుపులోంచి పొంగుతూ వచ్చింది. ఎక్కేశాను! రెండు వందల ముప్పై నాలుగు! ఇక మూడు అంతస్తులేమిటి చిన్నపిల్లల ఆటలా, పొద్దున పది ఎక్కాలి, నెలకల్లా ఇరవై, జోడీతో పందెం కాయాలి, గోడకి ఒక పట్టిక అంటించి, ఎర్ర పెన్నుతో. అక్కడ ఒళ్ళు గడ్డకట్టింది. ఆ గొంతు తనది కాదు. తన నోట్లోంచి, తన ఛాతీలోంచి, అన్నయ్య మాట్లాడుతున్నాడు, రారా ముసలోడా, అని. కింద చీకటి మెట్ల మీద పడ్డ భయం కంటే ఈ వెలుతురులో పడ్డ భయం పెద్దది. ఆ భయం తనని కూర్చోబెట్టేది, ఇది పరిగెత్తిస్తుంది. అన్నయ్యకి ఆ ఇరవై మూడు పొద్దుల్లోనూ ఇలాగే ఉండి ఉంటుంది, ఇంత బాగా, ఇంత తియ్యగా. ఒళ్ళు ఏం చెప్పినా వినిపించనంత తియ్యగా. అతను మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆ పొంగు దిగేదాకా కూర్చున్నాడు. పొద్దున పళ్ళు తోముకుని మూడు అంతస్తులు, అని పైకే అన్నాడు, లిఫ్టు మిషనుకి చెప్పినట్టు. మూడే. ఒళ్ళు బాగా నొప్పెడితే రెండే.

పదో అంతస్తుకి దిగి, మూడు మూలల తాళంచెవితో తలుపు తీసేసరికి ఆవిడ ఒక చేతిలో చెప్పు, ఒక చేతిలో గుడ్డసంచీతో నిటారుగా నిలబడి ఉంది, చిన్న మనిషి, తెల్లటి జుట్టు, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి. బయటికి అడుగుపెట్టగానే అతని మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. అతను సీసాలోని నీళ్ళు ఇచ్చాడు, ఆవిడ తాగి సీసా మూతి తుడిచి తిరిగిచ్చింది. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది, మెట్లదారి మొత్తం తెల్లగా వెలిగింది. అతను మళ్ళీ పైకెళ్ళి స్విచ్ వేసి వస్తానంటే ఆవిడ, "నా కోసమైతే వద్దు. నేనిక దాంట్లో ఎక్కను," అంది.

"పదకొండో అంతస్తులో ఉంటూ లిఫ్టెక్కకపోతే ఎలాగమ్మా?"

"దిగడం మానేస్తాను," అంది మామూలుగా. ఇంట్లో పుస్తకాలు చాలా ఉన్నాయని, సరుకులు వాచ్‌మన్ తెస్తాడని, ఈ వయసులో బయట తిరిగి చేసేదేముందని ఒక్కొక్కటే చెప్పింది. అతను విన్నాడు. మోకాలు నొప్పి, కింద వైర్లు చూడాలి. గుంట ఎలా తవ్వుకుంటారో, అందులో కూర్చుంటే మొదట్లో ఎంత హాయిగా ఉంటుందో అతనికి తెలుసు. ఒక అంతస్తు ఆవిడ పక్కనే, ఆవిడ వేగంతోనే ఎక్కాడు. గుమ్మం ముందు ఆవిడ తాళంచెవి కోసం సంచీలో వెతుకుతుంటే, "ఎక్కొద్దమ్మా," అన్నాడు. "ఊరికే లిఫ్టు లోపల నిలబడండి. నేను తలుపు తీసి పట్టుకుంటాను. పది లెక్కపెట్టి బయటికొచ్చేయండి. అంతకంటే ఏం వద్దు. ఇంకో రోజు ఇంకో పది."

ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుని అతన్ని చూసింది, పుస్తకం చింపి తెచ్చాడా బాగా తెచ్చాడా అని చూసినట్టు. "నాకు భయం పోదు బాబూ."

"నాకూ పోలేదమ్మా."

"ఎప్పుడొస్తారు?"

"రేపు నాలుగింటికి."

"ఆలస్యం చేయకూడదు," అంది, గుసగుసగానే, కానీ ముప్పై నాలుగేళ్ళ అధికారంతో. తలుపు మూసుకుంది.

అతను అక్కడే నిలబడిపోయాడు. అన్నయ్య పోయినప్పటినుంచి ఎవరు ఎప్పుడు రమ్మన్నా చూద్దాం అనేవాడు. పెళ్ళికైనా చూద్దాం, పళ్ళ డాక్టరుకైనా చూద్దాం, జోడీ వచ్చే ఆదివారం రమ్మంటే చూద్దాం. రేపటి గురించి మాటిస్తే రేపు వింటుందేమోనని భయం. ఇప్పుడు ఆ రేపటిని, గంటతో సహా, ఒక ముసలావిడకి ఒప్పజెప్పేశాడు. గుండె దడదడలాడింది. తలుపు తట్టి, చూద్దామమ్మా, వీలైతే, అని సవరించుకోవాలని చెయ్యి పైకి లేచింది కూడా. లోపల ఆవిడ గోడవైపు నడిచిన చప్పుడు, కాలెండరు కాగితం తిప్పిన చప్పుడు, పెన్ను మూత తీసిన చప్పుడు వినిపించాయి. అతను చెయ్యి దించి, స్విచ్ వేయడానికి పైకి నడిచాడు.